పెడన కలంకారీ ఒక్క రోజులో చూడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: ఫిబ్రవరిలో విజయవాడలో బంధువుల పెళ్ళి. పెళ్ళి మర్నాడు ఒక రోజు ఖాళీ ఉంది. మీతో అమ్మగారు, నాట్యం నేర్చుకుంటున్న తొమ్మిదేళ్ళ పాప ఉంటారు. బందరు (మచిలీపట్నం) పక్కనున్న పెడన వెళ్తే కలంకారీ, అంటే అక్కడి రంగుల అద్దకం గుడ్డ, తయారవడం నిజంగా చూడొచ్చా, లేక షాపుల్లో చీరలు చూసి రావడమేనా? కొంటే అసలైనదని ఎలా తెలుస్తుంది?

చూడొచ్చండి. తప్పకుండా వెళ్ళండి. ఒక్క రోజు సరిపోతుంది. కానీ షాపింగుకి వెళ్ళినట్టు వెళ్తే మాత్రం నిరాశపడతారు. పెడనలో చూడాల్సింది షాపు కాదు. అద్దకం షెడ్డు, రంగు ఉడికే గంగాళం, గుడ్డ ఉతికే కాలువ, ఈ మూడూ చూడాలి. నాలుగు షాపులు తిరిగే బదులు ఒక్క షెడ్డులో రెండు మూడు గంటలు కూర్చోండి. ఆ తర్వాత ఏది అసలు, ఏది నకలు అని ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.

నాది గుడివాడ పక్క పల్లెటూరు. హైదరాబాదులో చిన్న బట్టల షాపు పెట్టి 22 ఏళ్ళయింది. పెడన అద్దకం గుడ్డ మొదటి రోజు నుంచీ అమ్ముతున్నాను. ఏడాదికి నాలుగైదుసార్లు సరుకు కోసం వెళ్తాను. అక్కడ నేను చూసింది, నాకు అక్కడివాళ్ళు నేర్పింది చెప్తాను.

ముందుగా ఒక విషయం. కలంకారీ అనగానే చాలామంది వెదురు కలంతో దేవుళ్ళ బొమ్మలు గీసే పని ఊహించుకుని వస్తారు. అది శ్రీకాళహస్తి పని. పెడనలో కలంతో గీయరు, చెక్క అచ్చులతో అద్దుతారు. పేరు ఒకటే, రంగుల వెనకున్న సూత్రం కూడా చాలావరకు ఒకటే, కానీ చెయ్యి వేరు. బొమ్మలూ వేరే. కాళహస్తి గుడ్డ మీద రామాయణ, భారత కథలు ఉంటాయి. ఇక్కడ తీగలు, మామిడిపిందెలు, చిలకలు, నెమళ్ళు, పూలచెట్లు ఉంటాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి పర్షియాకి గుడ్డ వెళ్ళేది కాబట్టి, అక్కడివాళ్ళకి నచ్చే తీగల పని ఇక్కడ స్థిరపడింది. మీకు కలం పనే చూడాలని ఉంటే తిరుపతి వెళ్ళినప్పుడు కాళహస్తిలో చూడండి. రెండూ ఒకటే అనుకుని పెడన వచ్చి "కలం ఏదీ?" అని అడిగితే అద్దేవాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. అచ్చు పని తక్కువ పని కాదు.

ఇప్పుడు షెడ్డులో ఏం చూస్తారో చెప్తాను. ఇది కొంచెం వివరంగా చదవండి. తెలిసి చూస్తే ఒకలా ఉంటుంది, తెలియక చూస్తే ఇంకోలా ఉంటుంది.

కోరా నూలు గుడ్డలో గంజి, జిడ్డు పోయేదాకా నానబెట్టి ఉతుకుతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. గుడ్డ లేత పసుపు రంగుకి వస్తుంది. కరక్కాయలో ఉండే వగరే ఈ పని అంతటికీ పునాది. ఆ వగరు పట్టని గుడ్డ మీద రంగు నిలవదు.

నలుపు ఎలా వస్తుందో పాపకి తప్పకుండా చూపించండి. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ ద్రవాన్ని కసిమి అంటారు. కుండలో చూస్తే మురికి నీళ్ళలా ఉంటుంది. అచ్చుకి పట్టించి కరక్కాయ గుడ్డ మీద అద్దగానే అక్కడికక్కడ నల్లగా మారిపోతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిస్తే వచ్చే నలుపు అది. మా అన్నయ్యగారి అబ్బాయిని పదేళ్ళప్పుడు తీసుకెళ్ళాను. గంటసేపు ఆ కుండ దగ్గర నుంచి కదల్లేదు.

ఎరుపు కథ ఇంకోలా ఉంటుంది. ఎరుపు రావాల్సిన చోట ఎర్ర రంగు అద్దరు. పటిక నీళ్ళలో జిగురు కలిపి దాన్ని అద్దుతారు. ఆ దశలో చూస్తే అక్కడేమీ లేనట్టే, చాలా లేతగా కనపడుతుంది. గుడ్డని కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో ఉతికి, పెద్ద రాగి గంగాళంలో ఎర్ర రంగు నీళ్ళలో ఉడకబెడతారు. గుడ్డ మొత్తం అదే నీళ్ళలో మునుగుతుంది. కానీ పటిక ఉన్న చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. కట్టెతో గుడ్డని తిప్పుతుంటే, ఖాళీగా ఉన్న చోట పువ్వులు ఒక్కొక్కటిగా పైకి తేలడం కనపడుతుంది. ఇన్నేళ్ళయినా నేను వెళ్ళినప్పుడల్లా అది చూడకుండా రాను.

వెనకటి రోజుల్లో ఆ ఎరుపు చవలకొడి అనే వేరు నుంచి వచ్చేది. కృష్ణా తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఆ వేరు వల్లే ఈ ప్రాంతపు ఎరుపుకి దేశదేశాల్లో పేరొచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ అనే తయారీ రంగు వాడుతున్నారు. ఆ వేరులో ఎరుపునిచ్చే పదార్థాన్నే ఫ్యాక్టరీలో చేస్తారు. కాబట్టి "నూటికి నూరుపాళ్ళు చెట్ల రంగులే" అని ఎవరైనా చెప్తే ఎరుపు దేంతో ఉడకబెట్టారో అడగండి. నిజాయితీగా పనిచేసేవాళ్ళు దాచరు. అలిజరిన్ అని చెప్తే తప్పేం లేదు. కరక్కాయ, పటిక, ఉడకబెట్టడం, ఉతకడం అన్నీ అదే పద్ధతి. రంగూ గట్టిగా నిలుస్తుంది. వేళ్ళతోనే ఎరుపు తీసేవాళ్ళు తక్కువగా ఉన్నారు. వాళ్ళ గుడ్డ ధర ఎక్కువ ఉంటుంది, ఉండాలి కూడా.

ఉడికిన తర్వాత తెల్లగా ఉండాల్సిన చోట కూడా కాస్త ఎర్రజీర ఉంటుంది. గుడ్డని ఎండలో పరిచి, తడి ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఉంటే ఆ జీర పోయి తెలుపు తేలుతుంది. ఆ తర్వాతే పసుపు, నీలం, ఆకుపచ్చ. అలా గుడ్డ ఎన్నిసార్లు నీళ్ళలోకి, ఎన్నిసార్లు ఎండలోకి వెళ్తుందో లెక్క పెట్టుకోండి. మీరు చూసే రోజున ఒకే గుడ్డ అన్ని దశలూ దాటదు. కానీ పని నడిచే షెడ్డులో ఒక్కో గుడ్డ ఒక్కో దశలో ఉంటుంది. కాబట్టి రెండు మూడు గంటల్లో మొత్తం వరస చూసేయొచ్చు.

ఇదంతా చదివాక ఈ పని ఎండ మీద, నీళ్ళ మీద ఎంత ఆధారపడిందో మీకే తెలుస్తుంది. అందుకే ఎప్పుడు వెళ్తారన్నది ముఖ్యం. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. ఒకసారి అక్టోబరులో వెళ్ళి మూడు రోజులు చిక్కుకుపోయాను. వాన ఆగలేదు. షెడ్లో అచ్చులు బల్ల మీద అలాగే ఉన్నాయి, గంగాళం కింద మంట లేదు. రోజు కూలీ మీద బతికే అద్దకపు పనివాళ్ళు పొద్దున్నే వచ్చి, ఆకాశం చూసి, టీ తాగి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆ వారం వాళ్ళకి సంపాదన లేదు. నేను కట్టాల్సిన డబ్బులో సగం ముందే ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచీ వానాకాలపు ఆర్డర్లకి అడ్వాన్సు ముందుగానే పంపుతున్నాను. ఎండాకాలంలో ఎండకి కొదవ లేదు గానీ, డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. బందరు సముద్రం పక్కనే కాబట్టి భూమిలో నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పునీళ్ళలో ఉతికితే రంగు తేడా వస్తుంది. పారే నీళ్ళే ఎందుకంటే, గుడ్డ నుంచి వదిలిన ఇనుము, పటిక ఎప్పటికప్పుడు కొట్టుకుపోవాలి. నిలవ నీళ్ళలో అయితే మళ్ళీ గుడ్డకే అంటుకుని తెలుపు మసకబారుతుంది.

మీరు ఫిబ్రవరిలో వస్తున్నారు. ఎండ ఉంటుంది, మామూలుగా కాలువలో నీళ్ళుంటాయి, అమ్మగారికి మరీ వేడిగా ఉండదు. అన్ని విధాలా మంచి నెల. ఆదివారం మాత్రం వద్దు. పని నడిచే రోజు చూసుకోండి. ముందురోజు ఫోను చేసి "రేపు ఉడకబెట్టే పని ఉందా?" అని అడగండి. అద్దకం దాదాపు రోజూ ఉంటుంది గానీ, ఉడకబెట్టడం తగినంత గుడ్డ పోగైనప్పుడే చేస్తారు. ఒక షెడ్లో లేకపోతే పక్క షెడ్లో ఎక్కడుందో వాళ్ళే చెప్తారు.

దారి సంగతి. విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు, బందరుకి పది కిలోమీటర్ల ఇవతల పెడన. రైలు కూడా ఉంది, గుడివాడ-మచిలీపట్నం లైన్లో పెడన స్టేషనే ఉంది. కానీ అమ్మగారు, పాప ఉన్నారు కాబట్టి కారు తీసుకోండి. పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరి గుడివాడ, గుడ్లవల్లేరు మీదుగా పెడన చేరండి. ఉదయం పూటే పని జోరుగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి బల్లల దగ్గర ఎవరూ ఉండరు. తిరుగు ప్రయాణం బందరు, పామర్రు మీదుగా పెట్టుకోండి. పామర్రు దగ్గర ఆ దారి నుంచి కొన్ని కిలోమీటర్లు పక్కకి వెళ్తే కూచిపూడి వస్తుంది. పాప నాట్యం నేర్చుకుంటోందని రాశారు కదా, పది నిమిషాలైనా ఆ ఊళ్ళో ఆగండి.

షెడ్లో ఎలా మసలుకోవాలో కూడా చెప్తాను. ఇవి ఎవరూ బోర్డు మీద రాసి పెట్టరు.

అద్దే మనిషి అచ్చు గుడ్డ మీద పెట్టి, దాని వీపు మీద పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. తర్వాతి అచ్చు ముందు పడిన గీతకి సరిగ్గా కలవాలి. గుర్తులేమీ గీసి ఉండవు, కంటి అంచనాతోనే జరుగుతుంది. ఆ సమయంలో పక్కన నిలబడి ప్రశ్నలు వేయకండి. వరస పూర్తయ్యాక అడగండి, ఆనందంగా చెప్తారు. బల్ల మీద చెయ్యి ఆనించవద్దు, కింద పరిచిన మెత్త కదిలితే గుడ్డ కదులుతుంది. పాపని గంగాళం దగ్గర చెయ్యి వదలకండి.

ఫోటో తీసేముందు అడగండి. మనుషుల ముఖాలు తీస్తే ఆ ఫోటో వాళ్ళకి పంపండి. ఒకసారి ఒక ఫోటో కాగితం మీద ప్రింటు తీయించి తీసుకెళ్ళి ఇచ్చాను. 30 ఏళ్ళుగా అద్దకం పనిలో ఉన్న ఆవిడ, పని చేస్తుండగా తనని ఎవరో తీసిన ఫోటో చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారని చెప్పారు. ఎన్నో కెమెరాలు వచ్చి వెళ్ళాయి ఆ షెడ్డుకి. నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ప్రతిసారీ పట్టుకెళ్తాను.

అచ్చులు చెక్కే చోటు కూడా అడిగి చూడండి. టేకు చెక్క మీద చిన్న ఉలితో తీగలు తొలుస్తారు. ఒక డిజైనుకి ఒక్క అచ్చు సరిపోదు. గీతలకి ఒకటి, లోపల నింపే ఒక్కో రంగుకి ఒక్కోటి కావాలి. అవన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. చీర కొనేటప్పుడు మనం అద్దినవాళ్ళనే తలుచుకుంటాం. అచ్చు చెక్కినవాళ్ళ పనితనం ఆ గుడ్డలో సగం ఉంది.

ఇక అసలు, నకలు.

మొదట్లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర "వెజిటబుల్ డై" అని చెప్తే నమ్మి దుప్పట్లు, చీరలు కొన్నాను. షెడ్డు చూపించమంటే "అంత దూరం ఎందుకమ్మా, సరుకు ఇక్కడే ఉందిగా" అన్నారు. నెల తిరక్కుండా కస్టమర్లు వరసగా వచ్చారు. ఒకావిడ తెల్ల పరుపు గుడ్డ మీద ఎర్ర మరకలు పట్టుకొచ్చి చూపించింది. అది కలంకారీ డిజైనుతో వేసిన స్క్రీన్ ప్రింటు, అంటే చెక్క అచ్చులు లేకుండా తెర గుండా రంగు దింపేది. అందరికీ డబ్బు వెనక్కిచ్చాను. అప్పటి నుంచి షెడ్డు చూడకుండా ఎవరి దగ్గరా మీటరు గుడ్డ కూడా కొనలేదు.

పెడనలో కూడా స్క్రీన్ ప్రింటింగు చాలా ఉంది. అదీ ఒక ఉపాధే, చేసేవాళ్ళని తప్పుపట్టను. కానీ అచ్చు పనివాడు చాలా రోజులు కష్టపడిన గుడ్డ పక్కనే ఒక పూటలో తయారైన గుడ్డని అదే పేరుతో, సగం ధరకి పెడితే, ఆ పనివాడు ఎన్నాళ్ళు నిలబడతాడు? పనివాళ్ళ పిల్లలు ఈ పని వదిలేసి వేరే పనులకి వెళ్ళిపోవడానికి పెద్ద కారణం ఇదే అని నా అభిప్రాయం.

నేను చూసే గుర్తులు ఇవి. అచ్చుల అతుకు దగ్గర చూడండి. చేతి అద్దకంలో ఎక్కడో ఒకచోట గీత మీద గీత పడి కాస్త ముదురుగా ఉంటుంది, లేదా సన్నని ఎడం కనపడుతుంది. రంగు గీత దాటి కొంచెం బయటికి వస్తుంది. మొత్తం చీరలో ఒక్క తేడా కూడా లేకపోతే అనుమానించండి. నా షాపులో ఒకరు ఆ ఎడం చూసి "డ్యామేజీ పీసు ఇస్తున్నారు" అని కోపపడ్డారు. అద్దే వీడియో చూపించాక అదే చీర తీసుకెళ్ళారు.

రెండోది, గుడ్డ తిరగేసి చూడండి. ఉడకబెట్టిన ఎరుపు నూలులోకి దిగి ఉంటుంది, వెనకవైపు కూడా బాగానే కనపడుతుంది. పైపైన వేసిన ప్రింటు వెనక వెలవెలబోతుంది. అయితే దీనొక్కదాని మీదే తీర్పు చెప్పకండి. మందం గుడ్డలో అసలైనది కూడా వెనక లేతగా ఉండొచ్చు. పల్చటి గుడ్డలో నకలు కూడా దిగొచ్చు.

మూడోది తాకి చూడటం. స్క్రీన్ ప్రింటులో కొన్ని రకాల రంగు గుడ్డ మీద పొరలా చేతికి తగులుతుంది. ఎన్నోసార్లు ఉతికిన అద్దకం గుడ్డ అప్పటికే మెత్తబడి ఉంటుంది. రంగు ఉన్న చోటూ లేని చోటూ చేతికి ఒకేలా తగులుతుంది.

వీటన్నిటికంటే గట్టిది మాత్రం షెడ్డు చూసి, అక్కడే కొనడం. ధర చెప్పినప్పుడు బేరం ఆడకూడదని నేను అనను, నేనూ వ్యాపారమే చేస్తాను. కానీ స్క్రీన్ ప్రింటు ధర చూపించి అచ్చు గుడ్డని ఆ ధరకి ఇమ్మనకండి. ఎన్ని రంగులు, ఎన్ని అచ్చులు, ఎన్నిసార్లు ఉడకబెట్టారు అని అడగండి. ఆ ధర ఎందుకో వాళ్ళు వివరిస్తారు. ఒకే చీరకి బదులు దుప్పట్లు, మీటరు గుడ్డ తీసుకున్నా వాళ్ళకి అంతే మేలు.

మధ్యాహ్నం బందరులో భోజనం చేసి ఊరు చూడండి. ఊళ్ళో పేటల పేర్లలోనే ఈ గుడ్డ చరిత్ర ఉంది. వలందపాలెం డచ్చివాళ్ళది, పరాసుపేట ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషుపాలెం సరేసరి. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడికి వచ్చింది ప్రధానంగా ఈ బట్టల కోసమే. డచ్చి సమాధుల తోట ఇప్పటికీ ఉంది, రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు చూడొచ్చు. మన రంగు గుడ్డలకి యూరపులో ఎంత గిరాకీ అంటే, తమ నేతగాళ్ళకి పని పోతోందని ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం ఉంది. ఇంగ్లండు కూడా 1700లో, మళ్ళీ 1721లో చట్టాలు చేసింది. పొద్దున షెడ్డు చూసి సాయంత్రం ఆ సమాధుల దగ్గర నిలబడితే ఆ తేదీలు పాఠంలా అనిపించవు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. రేవు మళ్ళీ మునుపటిలా కోలుకోలేదు.

సమయం ఉంటే చిలకలపూడిలో పాండురంగడి గుడి, దానితోపాటు అక్కడి రోల్డ్ గోల్డ్ నగలు. అమ్మగారికి నచ్చుతాయి. బందరు లడ్డు ఎలాగూ కొంటారు. బెల్లంతో చేసిన తొక్కుడు లడ్డు అడగండి. మంగినపూడి బీచికి కూడా వెళ్దామంటే మాత్రం కూచిపూడి వదులుకోవాల్సి వస్తుంది. నేనైతే కూచిపూడే ఎంచుకుంటాను.

పాప తన చేత్తో అద్దాలని అడుగుతుంది, పిల్లలందరూ అడుగుతారు. ఇంటి నుంచి రెండు తెల్ల నూలు రుమాళ్ళు ఉతికి తీసుకెళ్ళండి. అక్కడి కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, కసిమితో నల్ల అచ్చు వేయనిస్తారేమో మర్యాదగా అడగండి. వీలుంటే కాదనరు. వాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి. ఎరుపు మాత్రం ఆ రోజుకి కుదరదు.

ఇంటికొచ్చాక అద్దకం గుడ్డని మొదటి రెండు మూడుసార్లు విడిగా, చల్లటి నీళ్ళలో, ఘాటు లేని సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి. మొదటి ఉతుకులో లేత పసుపు నీళ్ళు దిగితే కంగారు పడొద్దు, మిగిలిన కరక్కాయ అది. ఎర్రటి నీళ్ళు ధారగా దిగితే మాత్రం కొన్నచోట అడగాల్సిందే. నిమ్మరసం, చింతపండు పులుసు మీద పడకుండా చూసుకోండి. పులుపు తగిలితే కసిమి నలుపు వెలిసిపోతుంది, పడిన వెంటనే నీళ్ళతో కడిగేయండి. అమ్మగారు చీర కట్టుకుని భోజనాల్లో వడ్డిస్తారంటే ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి.